వాల్యూమ్ నూరులో ఉంది

రాత్రి పదకొండు. ఉరవకొండ బస్టాండు ఎనక
జిరాక్స్ అంగడి, షట్టరు సగానికి దించినాను.
పొద్దున ఆరింటి బస్సు దిగి వస్తానన్నాడు కుళ్ళాయప్ప,
క్యాసెట్టును పెన్‌డ్రైవులోకి ఎక్కించిపెట్టమని.
ముందే నూటాయాభై చేతిలో పెట్టినాడు,
యాభై నోటుకు ఇంకా చెమట వాసన.

క్యాసెట్టు మీద బాల్‌పెన్ను రాత:
‘చెక్కబజన. రెండో పక్క కాలీ.’
పాడింది వాళ్ళ గురువు, రాకెట్ల తిమ్మప్ప.
“గొంతు బాగుండేటప్పుడు పట్టింది అక్కా,
ఆపరేషన్ అయినాంక ఇప్పుడాయప్పకు సైగలే.”

టేపులోంచి వచ్చే సద్దును
రికార్డు చేసే దాంట్లోకి నేరుగా మళ్ళిస్తుందని
ఎవరో చెబితే ఒక సాఫ్ట్‌వేరు దించినాను.
అది అడిగిన ప్రతిదానికీ సరే అన్నాను,
సంతలో బేరం తెగకముందే తలూపినట్టు.
రీస్టార్టు చేయమంది. చేసినాను.

అంతే. కంప్యూటరు మూగబోయింది.

తెర మీద పచ్చ గీతలు ఎగురుతానే ఉండాయి,
పడతానే ఉండాయి, చెక్కలు కొట్టే చేతుల్లాగ.
స్పీకర్లలో మాత్రం గాలి కూడా లేదు.
వాల్యూమ్ నూరులో ఉంది.
స్పీకరు గుర్తు మీద ఎర్ర గీత లేదు.
అంతా బాగుందని అది నాకే చెప్తాంది,
అప్పు తీర్చినోని మాదిరి నిబ్బరంగా.

వైరు పీకి, ఊది, మళ్ళీ పెట్టినాను.
స్పీకరు నెత్తిన ఒకటేసినాను,
మా ఇంట్లో టీవీకి అలవాటైన దెబ్బ.
క్యాసెట్టు వెనక్కి తిప్పి తిప్పి పెట్టినాను.
వీడియో పెడితే మనుషులు పెదాలు కదిలిస్తాండారు,
అద్దాల బస్సులో కూర్చోని ఊరు దాటిపోయేటోళ్ళలాగ.

తొలకరి పడంగానే వజ్రకరూరు చేలల్లో
జనం వంగి వంగి వెతుకుతారే,
అట్ల ఒక్కో సెట్టింగూ తిరగేసినాను.
రాయనుకున్నది రాయే. మెరిసిందీ రాయే.
రెండు గంటలాయె.
“యాడికి పోయినావే నువ్వు, యాడికి?” అన్నాను గట్టిగా.
ఎవర్ని అన్నానో నాకే తెల్దు.

అప్పుడు గుర్తొచ్చినాడు లస్కరు మామ.
హెచ్చెల్సీ కాలవ మీద ముప్పై ఏండ్లు తూములు తిప్పినోడు.
నీళ్ళు రాలేదని చివరి మళ్ళ రైతులు మీదపడితే
బీడీ ఆర్పకుండానే అంటాండె:
“నీళ్ళు యాడికీ పోవు నాయనా,
ఎవుడో మళ్ళించుకోనుంటాడు.
మడి కాడ నిలబడి ఏడిస్తే ఏం లాభం,
కాలవెంబడి పైకి నడువు.”

పైకి నడిచినాను.
సద్దు ఎక్కడికి పోవాలో రాసుండే జాబితా దొరికింది.
మొదటి వరసలో నా స్పీకర్లు లేవు.
నేనెన్నడూ కొనని, ఎవరూ తెచ్చివ్వని
ఒక తీగ పేరుంది.
దానికి రాగి లేదు, తొడుగు లేదు,
ఈ కొసా లేదు, ఆ కొసా లేదు.
నా అంగట్లో పాటంతా
రెండు గంటల నుంచి దాని కడుపులో పడతాంది.

స్పీకర్ల పేరు మీద ఒక్క నొక్కు.

తిమ్మప్ప గొంతు అంగడి మీద విరుచుకుపడింది,
నూరులో ఉంది కదా వాల్యూమ్!
ఎదురుగా టీ బంకు కింద పండుకున్న కుక్క లేచొచ్చి
షట్టరు సందులో మూతి పెట్టింది.
తగ్గిద్దామని చెయ్యి పోయింది గానీ
ఒక చరణం దాకా తగ్గించలేదు.

లేదనుకున్న ఆ కొస రికార్డులో తేలింది.
రెండు గంటల ఫైలు. తెరిచి విన్నాను.
తిమ్మప్ప పల్లవి ఎత్తుకుంటాడు, చెక్కలు మోగుతాయి,
మైకు పట్టిన ఫ్యాను రొద,
స్పీకరు నెత్తిన నా దెబ్బ,
గుంతకల్లు దావలో లారీ హారను,
మళ్ళీ ఆయప్ప, పైస్థాయికి పోతా పోతా
ఊపిరి తీసుకునే కాడ సరిగ్గా
“యాడికి పోయినావే నువ్వు, యాడికి?”

మళ్ళీ ఎక్కించినాను, శుభ్రంగా, నా గొంతు లేకుండా.

కుళ్ళాయప్ప వచ్చినాడు. హెడ్‌ఫోను పెడితే
నిలబడే విన్నాడు, బయట బస్సు ఉరుముతున్నా.
పెదాలు కదుల్తాండాయి. సద్దు లేదు.

పాత ఫైలు తుడిచెయ్యలేదు.
పేరు పెట్టమంటే ఏమీ తోచక
‘రెండో పక్క’ అని పెట్టినాను.