కత్తిపీట

ఐదొందల అచ్చరాలే పడతాయి, సూసి సెప్పు పిన్నీ
అంటాడు గారలో నెట్టు సెంటరు కూర్మారావు.
సూరాడ కొర్లమ్మ, కళింగపట్నం
అని రాసేసరికే ముప్పై దాకా పోనాయి.

రాయి నాయినా.
పడవలో మా వాటా అమ్మీసి మేడమీద గది కట్టినాం.
ఒక కిటికీ తీస్తే లైటుహౌసు,
ఇంకో కిటికీ తీస్తే వంశధార సముద్రంలో కలిసీ సోటు.
ఏసీకి ఇంకా పదకొండు వాయిదాలున్నాయి.
అది వొద్దు పిన్నీ, వాళ్ళకి అక్కర్నేదు.
సరే, తీసీ.

మూడేళ్ళలో రెండొందల పన్నెండు మంది పడుకున్నారు ఆ గదిలో.
ఒకమ్మాయికి జొరమొస్తే తెల్లార్లూ తడిగుడ్డ ఏసినాను.
ఒకాయన కళ్ళజోడు మరిసిపోతే
బస్సు డ్రైవరు సేతికిచ్చి సికాకోలం దాకా పంపినాను.
అయన్నీ సుక్కలయి ఫోనులో మెరిసీవి,
నాలుగు పాయింటు తొమ్మిది.
ఆ తగ్గిన పాయింటొకటి
ఎవులుంచీసుకున్నారో నాకు తెల్దు.

ఆ రోజు ఇద్దరికని రాసుకుని ముగ్గురొచ్చినారు.
పోన్లే అన్నాను.
కరెంటు పోయి ఏసీ ఆగితే డబ్బులన్నీ ఎనక్కిమ్మన్నారు.
సగం ఇస్తాను,
కోనాం పులుసు కాసి అన్నం ఊరికినే పెడతాను, అన్నాను.
పెరట్లో కూకుని సేప కోస్తన్నాను.
మెట్ల మీంచి ఫొటో తీసినారు.
నవ్వినాను కూడాను.

తెల్లారేసరికి గది నాది కాదు.
అంటే, గది నాదే,
తలుపులు నాయే, తాళంసెవి నా కొంగునే ఉన్నాది.
ఫోనులో మాత్రం బూడిదరంగయిపోనాది.
ఇంటావిడ దగ్గర ఆయుధం ఉన్నాది, అని.
దసరాకి డబ్బు కట్టినోళ్ళందరికీ
ఎల్లొద్దని వాళ్ళే సెప్పీసినారంట.
నాకు రావాల్సిన పద్దెనిమిది వేలు విచారణలో ఉన్నాయంట.
ఏ ఊళ్ళో కూకుని, ఎవుల్ని విచారిస్తన్నారో.
నన్నయితే అడగనేదు.

కూర్మారావు సెయ్యాగింది.
కత్తిపీటకి ఇంగ్లీసులో మాట నేదు పిన్నీ.
ఉంటాది, సూడు.
సూసినాడు. తల గోక్కున్నాడు.
కత్తి అని రాస్తే ఒప్పీసుకున్నట్టు.
పీట అని రాస్తే దాసినట్టు.
రెండూ కలిపి రాస్తే
కూకోడానికి కూడా కత్తులే ఏసుకుంటారా వీళ్ళు
అని ఇంకా బయపడతారు.

మా అత్త ఇచ్చింది బాబూ అది.
కాలేసి తొక్కి పట్టుకున్న సోట పీట పల్లమయిపోనాది,
ఆవిడ మడమ ఇప్పటికీ అందులోనే ఉన్నాది.
నా మడమ సరిగ్గా అక్కడే పడతాది.
కత్తి కదలదు, కూర్మా. సేపే కదుల్తాది.
అది ఎవులి మీదికీ ఎల్లదు.
కోయించుకోవాల్సిందే దాని దగ్గిరికి రావాల.
ఇది రాయి. ఇదొక్కటీ రాయి.

పెట్టె నిండిపోనాది పిన్నీ.

ఆటో ఎక్కకముందే జవాబొచ్చీసింది, సదివినాడు:
మీ విన్నపాన్ని క్షుణ్ణంగా పరిశీలించాము.
నిర్ణయంలో మార్పు లేదు.
రెండు నిమసాల్లో ఏటి పరిసీలించినారో!
ఒక్క సేపకి పొలుసు తియ్యడానికే నాకు పావుగంట.
నలభై రూపాయలిస్తే
కూర్మారావు ఇరవయ్యే తీసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి
దసరావోళ్ళ కోసం ఉతికిన దుప్పట్లు డాబా మీద
ఎండి, మళ్ళీ సముద్రం గాలికి సెమ్మెక్కి ఉన్నాయి.
మడతెట్టినాను. ఎందుకో మడతెట్టినాను.

రేత్రి కత్తిపీట కడిగి
మూలకి, గోడకేసి మొకం తిప్పి నిలబెట్టినాను.
ఎప్పుడూ అలగే పెడతాను, మనవరాలికి తగుల్తాదని.
ఇయ్యాల సూస్తే
తప్పేటో సెప్పకుండా మేష్టారు
గోడకేసి నిలబెట్టీసిన పిల్లలాగున్నాది.

ఇటు తిప్పుదావనుకున్నాను.
తిప్పితే, గుంట కాలికి తగిలీస్తాది.