పడుగు బరువులు

హాలిఫాక్స్ మ్యూజియం నేలమాళిగలో
జాబితా రాయమని నాకో బూట్ల డబ్బా ఇచ్చారు.
మూత మీద పెన్సిల్ రాత:
గ్రీసు. మట్టి. చిల్లర.

చిల్లరలో ముప్పై ఏడు ముద్దలు.
జామకాయంత ఒక్కోటి,
పైన సన్నంగా, కింద వెడల్పుగా,
మెడ దగ్గర పుల్లతో పొడిచిన బెజ్జం.
నూరేళ్ళ కిందట మిల్లు యజమాని ఒకాయన
ఓడలో విహారానికెళ్ళి
పాలరాతి దేవుళ్ళ ధర విని వెనక్కి తగ్గి
ఇవి కొనుక్కొచ్చాడట.

వంటింటి త్రాసు మీద తూచాను.
నూట పద్దెనిమిది గ్రాములు. నూట ఇరవై. నూట పదిహేడు.
చీరాలలో పుట్టినదానికి
ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.
ఒక పక్క బిగువై ఒక పక్క వదులైతే
గుడ్డ వంకరగా నవ్వుతుంది.

మా మేనత్త గుంటలో కాళ్ళు దించి నేసేది.
వీళ్ళ మగ్గం గోడకు ఆనించిన నిచ్చెన.
పడుగు పైనుంచి వేలాడేది,
పోగుల చివర ఈ ముద్దలు గుత్తులుగా.
పేకను పైకి కొట్టుకుంటూ
ఆ చివరినుంచి ఈ చివరికి
నిలబడి నడిచేది ఆవిడ.
ఒక్క దుప్పటికి ఎన్ని మైళ్ళు నడిచిందో
ఎవరూ లెక్క కట్టలేదు.
పరుగు పందెం గెలిచినవాడి పేరు మాత్రం
రాతి మీద ఉంది.

పై అంతస్తులో సున్నపు అచ్చు దేవతలు
మీగడ తెల్లగా నిలబడి ఉంటారు.
వీళ్ళకి చలెయ్యదా అని బడిపిల్లలు అడుగుతారు.
ఒకప్పుడు ఒంటినిండా రంగులుండేవంటాను,
నీలం, కుంకుమెరుపు, పసుపు అంచు.
వాన కడిగింది కొంత,
శుభ్రం పేరుతో మనుషులు గీకింది ఇంకొంత.
పిల్లలు నమ్మరు.

మావిస్ హెలీవెల్ నమ్మింది.
ఎనభై ఒకటో ఏట, మంగళవారాలు వచ్చి
అద్దాల పెట్టెల దుమ్ము తుడుస్తుంది.
పదిహేనో ఏట మిల్లులో చేరి
రెండు చెవులూ మగ్గాలకిచ్చేసింది.
పెదాల కదలిక చూసి మాట పట్టుకుంటుంది,
నా యాసతో సహా.
ఒక ముద్దను దీపానికెత్తి
అడుగున నెలవంక గాటు చూపించింది.
తన బొటనవేలి గోరు అందులో పెట్టింది.
పట్టలేదు.
"చిన్నపిల్ల" అంది. "పదేళ్ళుంటాయేమో.
నాకంటే ముందే పన్లోకి పెట్టారు."

ఇంటి పిల్లో, కొనుక్కున్న పిల్లో.
జనమే ఏలుకోవాలన్న మాట పుట్టిన నేల మీద
ఆ జనంలో లెక్కకు రాని గోరు.

మరుసటి మంగళవారం, రూలు తెలిసి కూడా,
రెండు కుర్చీల మీద చీపురుకర్ర పెట్టి
నూలు దారాలతో ఆరింటిని వేలాడదీశాం.
గాటు ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోలేదు.
మావిస్ పోగుల మధ్య స్కేలు దూర్చి తిప్పింది.
ముద్దలు ఒకదాన్నొకటి రాసుకున్నాయి,
జేబులో గోలీలు కదిలినట్టు.
మావిస్‌కు వినపడదు.
కర్ర మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది.
"మా షెడ్డులో ఇలా లేదు" అంది కాసేపటికి,
"ఇక్కడైతే మాట్లాడుకోవచ్చు."

ఏం మాట్లాడుకున్నారో మరి.
ఈ ముద్దలు మోసిన గుడ్డ జానెడు కూడా మిగల్లేదు.
నాటకాల పాఠంలో మా తెలుగు మాస్టారు
తెరను యవనిక అంటార్రా, అది యవనుల గుడ్డ, అనేవారు.
కాదనే పండితులూ ఉన్నారు.
తెగేదాకా ఆగలేక
మావిస్‌కు చెప్పాను, పెదాలతో, నెమ్మదిగా,
య, వ, ని, క.
తను తిరిగి పలికింది.
మధ్యలో ఒక అక్షరం ఎక్కడో జారిపోయింది.

సాయంత్రం ఆరూ విప్పి డబ్బాలో సర్దాం.
చిల్లర అన్న మాట కొట్టేశాను.
దాని బదులు ఏం రాయాలో తోచక
పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను.
కిటికీ అవతల వాన, పడుగు దించినట్టు నిలువుగా.
మావిస్ కోటు తొడుక్కుంటూ గుమ్మంలో ఆగి
తన బొటనవేలి వంక ఇంకోసారి చూసుకుంది.