నీళ్ళ గొట్టం

చివరి గొట్టంలో నీళ్ళు తప్ప ఏమీ పోయలేదు.
ఒట్టు. మైపాడు సముద్రం మీద ఒట్టు.
అయినా జెల్ మీద, యూవీ వెలుగులో,
అన్ని వరసల్లోనూ గీత, ఆ వరసలో కూడా.
రొయ్య లేదు, రక్తం లేదు,
ఉత్త నీళ్ళకి తెల్లమచ్చ జబ్బు.

బయట ఇందుకూరుపేట రోడ్డు మీద
మాలకొండయ్య మినీ వ్యాను ఇంజను ఆపలేదు.
"ఏంది మేడమా, పిల్ల మంచిదా కాదా?
గుంటకి నీళ్ళు పెట్టి పన్నెండు రోజులాయె."
రేపు రమ్మన్నాను.
రేపటికీ అదే చెప్పాల్సొచ్చింది.

తొంభై నాలుగు దగ్గర జంట విడిపోవాలి,
యాభై ఎనిమిది దగ్గర ప్రైమరు తన చోటు వెతుక్కోవాలి,
డెబ్బై రెండు దగ్గర అల్లిక.
ముప్పై అయిదు సార్లు, ఒకటి రెండై, రెండు నాలుగై,
కంటికానని నలుసు గంటన్నరలో
ఊరంతా తిరిగిన పుకారవుతుంది.
యంత్రం తప్పేం చెయ్యలేదు.
ఎవరి మాట ముందు చెవిన పడితే దాన్నే పెంచింది.

మొదట నీళ్ళని అనుమానించాను. కొత్త సీసా తెరిచాను.
గీత.
ప్రైమర్లని అనుమానించాను. ఫ్రీజరు అడుగున
ఎవరూ ముట్టని గొట్టాలు తీసి కరిగించాను.
గీత.
పిపెట్లు విప్పి బ్లీచింగు నీళ్ళతో తుడిచి,
రాత్రంతా యూవీ దీపం వేసి ఇంటికెళ్ళాను, నిద్రలేదు.
తెల్లారి మళ్ళీ గీత, కాస్త పల్చగా,
గసిరితే గొంతు తగ్గించి అదే మాట చెప్పేవాడిలా.

"అక్కా, ఫోటోలో ఆ ఒక్క వరస కత్తిరిస్తే పోద్ది గదా?
పక్క లాబు వాళ్ళు నీళ్ళ గొట్టం పెట్టనే పెట్టరంట."
పెంచల ప్రసాదు కొత్త. మంచివాడు. అలిసిపోయాడు.
చేరినరోజు వాడికి నేనే చెప్పాను:
పిల్లని నూరే ముందు కళ్ళు తీసెయ్యి,
రొయ్య కంట్లో ఉన్నదేదో ఎంజైముకి అడ్డం పడుద్ది,
ఉన్న జబ్బుని లేదంటది.
కళ్ళుంటే కనపడని పని ఇదొక్కటే ననుకున్నా ఇన్నాళ్ళూ.
ఏమీ అనకుండా వాడి చేతిలోంచి మౌసు తీసుకున్నా.

మూడోరోజు ఏదీ కడగలేదు.
మిక్సు గదిలో స్టూలు మీద ఊరకే కూర్చుని
నా చేతులు ఎటు పోతాయో చూశాను.
గ్లౌజులు మారుస్తా. కోటు మారుస్తా.
గడప దగ్గర చెప్పులు కూడా మారుస్తా.
జడలో దోపుకున్న మార్కరు పెన్ను మాత్రం
జెల్ గదిలో వరసల నంబర్లేసి,
ఇక్కడికొచ్చి గొట్టాల మూతల మీద నంబర్లేస్తోంది.
ట్రంకు రోడ్డులో కొన్న ముప్పై రూపాయల పెన్ను,
రెండేళ్ళుగా నాతోపాటు అన్ని గదులూ తిరుగుతోంది,
ఎవరూ ఎక్కడికని అడగలేదు.

కొత్త పెన్ను. కొత్త గొట్టాలు. మళ్ళీ మొదట్నించి.
నలభయ్యో నిమిషంలో కరెంటు పోయింది,
ఇన్వర్టరు కీచుమని అందుకుంది,
ప్రసాదు గుండె పట్టుకున్నాడు.

చివరి వరస నల్లగా ఉంది,
నిన్న వేసిన తారురోడ్డంత నల్లగా.
మాలకొండయ్యవి మూడు శాంపిళ్ళు.
రెండు ఖాళీ.
నడిమిదానిలో గీత.

"మొన్నా గీతే అన్నారు గదా,
ఈ మాత్రానికి మూడు రోజులెందుకు తిప్పినట్టు?"
"మొన్నటిది నా గీత. ఇవాళ్టిది నీది."
ఫోటో వెలుగులోకి ఎత్తి చాలాసేపు చూశాడు.
"ఈ చివర్ది ఎవురిదమ్మా, ఇంత శుభ్రంగా ఉండాది?"
"నీళ్ళది."
"అయితే ఆ నీళ్ళే ఓ రెండు లక్షలు
ప్యాకింగ్ చేసియ్యి మేడమా, వదులుకుంటా గుంటలో."

ప్రసాదు నవ్వబోయి ఆపుకున్నాడు.
నేను రిజిస్టరు తీసి
ఈ గది పెన్నుతో
ఈ గదిలోనే రాశాను.