ఫానురిస్ షట్టర్

రాత్రంతా తెరిచి ఉంచే బడ్డీ కొట్టు నాది,
ఏథెన్స్‌లో, కిప్సేలి పేటలో, మలుపు మీద.
సిగరెట్లు, నీళ్ళ సీసాలు, బస్సు టికెట్లు, నిన్నటి పేపర్లు.
అందరూ పడుకున్నాక ఈ వీధి ఎట్లా ఉంటుందో
నన్నడగండి. మేయర్‌కి తెలియదు.

పగలు షట్టర్లు పైకి చుట్టుకుపోతాయి, చాపల్లా,
బొమ్మలన్నీ కడుపులో దాచుకుని.
చీకటి పడితే ఒక్కొక్కటీ గరగరమంటూ దిగుతుంది.
మాంసం కొట్టు మీద ఒసాస్ అక్షరాలు,
ఒకదాని భుజమెక్కి ఒకటి. ఎవరూ చదవలేరు.
కోడి కెలికినట్టుందంటుంది వాళ్ళమ్మ,
అంటూనే రోజూ ఆ దారినే నడిచి పోతుంది.

మిర్సీనీ గీత వేరు.
పగలు బడి పుస్తకాలకి బొమ్మలేస్తుంది:
ఈనెలు కనబడే ఆకు, తోక ఊడుతున్న కప్పపిల్ల.
డబ్బులు ఆర్నెల్లకోసారి, అదీ సగం.
ఒక ఫిబ్రవరి రాత్రి రెండింటికి తాళంచెవి పోగొట్టుకుని
మెట్ల మీద కూర్చుంది, గోళ్ళ సందుల్లో నీలంతో.
ఫానురిస్ పైజామాలోనే వచ్చాడు.
ఆయన పేరున్న పునీతుడు పోయినవి వెతికి చూపిస్తాడట,
ఈయన వెతకడు, కొత్తది చేసిస్తాడు.
రెండు నిమిషాల్లో తలుపు తీసి
"డబ్బులొద్దు. నా షట్టర్ మరీ బోసిగా ఉంది," అన్నాడు.

"తాళంచెవులు వెయ్యనా?"
"నలభై ఏళ్ళుగా వాటి మొహమే చూస్తున్నా.
మా నాన్నని వెయ్యి."

వాళ్ళ నాన్న కాలిమ్నోస్ దీవిలో
స్పంజుల కోసం మునిగేవాడు.
రెండు చేతుల్లో పలకరాయి, ఒంటికొక తాడు,
పైన పడవలో ఆ తాడు పట్టుకుని ఇంకో మనిషి.
మిగతాదంతా ఊపిరి.

మూడు రాత్రులు పట్టింది. టార్చి నేను పట్టాను.
ఇనప మడతల మీద గీత నడవదు,
ఒక మెట్టు దిగి ఒక మెట్టు ఎక్కాలి.
నీలంలో కాస్త ఆకుపచ్చ కలపమన్నాడు ఒసాస్.
తిట్టింది. తర్వాత కలిపింది.

అప్పట్నించీ రాత్రి ఎనిమిదికి
ఫానురిస్ కొక్కెం వేసి లాగితే
ముందు రాయి, వెనక చేతులు, తల, చివరికి మడమలు,
ఆ మనిషి నిటారుగా మునిగేవాడు.
పొద్దున్నే ఎవరో తాడు లాగినట్టు
మడమల్నించి పైకి తేలిపోయేవాడు.
ఫానురిస్ వెనక్కి తిరిగి చూసేవాడు కాదు.
ఒక్కసారి మాత్రం తాళం వేసి, మడమ మీద తట్టాడు,
బస్సెక్కించే పిల్లాణ్ణి తట్టినట్టు.

పోయిన నవంబరులో ఒక మంగళవారం షట్టర్ లేవలేదు.
పది. పదకొండు.
విరిగిన తాళంచెవితో ఒకావిడ నిలబడి నిలబడి వెళ్ళిపోయింది.
ఎండలో ఆ బొమ్మని చూడడం నాకదే మొదలు.
ఎంత బాగుందో, అనుకున్నాను ముందు, సిగ్గులేకుండా.
ఆ కాస్త ఆకుపచ్చే దాన్ని నీళ్ళు చేసింది.
దారినపోయేవాళ్ళు ఫోన్లు తీశారు,
ఒక పెళ్ళికూతురు దాని ముందు నిలబడి నవ్వింది.
సాయంత్రానికి పత్రాస్ నుంచి కూతురొచ్చి చెప్పింది:
కుడిచెయ్యి పడిపోయిందట, మాటా పోయిందట.

నేను లెక్కపెట్టడం మానలేకపోయాను.
మనిషి నీళ్ళ కింద ఎంతసేపుంటాడు?
మూడు నిమిషాలు. గట్టివాడైతే నాలుగు.
అప్పటికి పంతొమ్మిది రోజులు.

ఇరవయ్యో రాత్రి మిర్సీనీ వచ్చింది, సన్న కుంచెతో.
ఆయన్ని ముట్టుకోలేదు.
షట్టర్ పైఅంచున ఆగిపోయిన తాడు కొస పట్టుకుని
గోడ మీదికి లాగి, మీటరు పెట్టె చుట్టూ తిప్పి,
కిందికి దించి, కాలిబాట రాళ్ళ మీదుగా,
ఎవరిదో స్కూటర్ కిందుగా,
మోకాళ్ళ మీద పాకుతూ నా కొట్టు దాకా తెచ్చింది.
ఒక్క మాట లేదు. కాఫీ ఇస్తే తాగింది,
చక్కెర ఎక్కువైందని మాత్రం అంది.

తెల్లారి నీళ్ళ బండి వచ్చి తాడు చాలామటుకు కడిగేసింది.
నా గుమ్మం ముందు జానెడు ముక్క మిగిలింది.
చిల్లర లెక్కపెట్టేటప్పుడు
నా కాలు దాని మీదే ఉంటుంది.
కాస్త నొక్కిపెట్టే ఉంచుతాను.