గోడకి బెజ్జం పెట్టకూడదు

ఇంట్లో దిగేటప్పుడు తాయారమ్మగారిది ఒక్కటే షరతు:
మేకు కొట్టకూడదు, గోడకి బెజ్జం పెట్టకూడదు.
సరేనన్నాను.
పైపుల రోడ్డు పక్క సందులో
రెండో అంతస్తు కావాలి నాకు, అంతే.
బుడమేరు వచ్చిన ఏడు నేను కింద ఉన్నాను.

స్విచ్చుబోర్డు దాకా నీళ్లు.
కెమెరా నెత్తిన పెట్టుకుని ఫ్లైఓవరెక్కాను గానీ
బీరువా అడుగు అరలో
పదకొండు హార్డుడిస్కులు ఉండిపోయాయి.
వాటిలో నూట నలభై పెళ్లిళ్లు.
ఒండ్రు కడిగి, ఎండబెట్టి, బియ్యం డబ్బాలో దాచి
చెవి దగ్గర పెట్టుకుంటే
టిక్కు టిక్కుమనేవి,
ఒకే అక్షరం దగ్గర ఇరుక్కున్న మాటలా.

అందుకే ఈ పెట్టె కొన్నాను.
నల్లగా, రెండిటుకలంత.
లోపల రెండు డిస్కులు.
ఒకటి రాసిందే రెండోదీ రాసుకుంటుంది,
ఇది పోతే అది.
అటక మీద పెట్టాను, ఎంతెత్తు వీలైతే అంతెత్తు.
తీరా చూస్తే దానికి తీగ పెట్టే నోరొక్కటే ఉంది,
గాలి వినే చెవుల్లేవు.
రూటరు ముందు గదిలో, ఇది వెనక గదిలో.
మధ్యలో మెట్లు. అటూ ఇటూ గోడలు.
గోడలకి షరతు.

వన్‌టౌన్ నుంచి జిలానీ వచ్చాడు,
పాత రూటరొకటి సంచిలో వేసుకుని.
"దీన్ని మధ్యవర్తిని చేద్దాం భాయ్.
గాల్లో వింటది, తీగలో చెప్తది."
వింది. కాసేపే.
పోయింది. వచ్చింది. మళ్లీ పోయింది.
పక్కింటి మిక్సీ మీద అనుమానపడ్డాం,
మా ఫ్యాను మీద కూడా.
చివరికి నిచ్చెన మీంచి బయటికి చూసి
పకపకా నవ్వాడు జిలానీ.
రెండు గదులకీ సూటిగా మధ్యన, మెట్ల మీద,
వెయ్యి లీటర్ల ట్యాంకు.
"నీళ్లు సిగ్నల్ తాగేస్తయి భాయ్."

నాకు వెంటనే నవ్వు రాలేదు.
మళ్లీ నీళ్లేనా.

మధ్యవర్తిని వంటింటి కిటికీకి జరిపాం,
చింతపండు డబ్బా మీదకి.
పచ్చ దీపం నిలబడింది.

రూటరు దానికో నంబరిచ్చింది, డోరు నంబరు లాంటిది.
కరెంటు పోయొస్తే అది మారిపోవచ్చట.
"ఖాయం చేసెయ్యి" అన్నాను.
మూడేళ్లలో నాలుగిళ్లు మారినవాణ్ని,
ఒక శాశ్వత చిరునామా
నా వేళ్లతో నేనే టైపు చేశాను.

రాత్రి పదింటికి మొదలు.
ఇరవై రెండు గంటలు పడుతుందంది.
తీగయితే రెండు గంటల పని. పోనీ.
దీపమార్పి పడుకుంటే
గదిలోంచి గదిలోకి
గుడివాడ వాళ్ల పెళ్లి వెళ్తోంది,
సన్నాయి చప్పుడు కూడా లేకుండా.
తలంబ్రాలు గ్యాసు పొయ్యి మీదుగా పోతున్నాయి,
ఒక్క గింజ రాలకుండా.
అలిగిన మేనమామ ఎవరో
నా మంచం దాటి వెళ్లాడు.
కాళ్లు ముడుచుకున్నాను, దారివ్వాలిగా.

పొద్దున ఈ సంగతి చెబితే
తాయారమ్మగారు పాలగిన్నె చంకనెత్తుకుని
గోడంతా తడిమి చూశారు.
బెజ్జం లేదు.
"అంతమందీ మా ఇంట్లోంచే వెళ్లారా?"
"ఇంకా వెళ్తున్నారండీ. రాత్రి ఎనిమిదింటి దాకా."
"నీళ్ల బిల్లు పెరగదు కదా?"

పెరగదన్నాను.

ఆ పదకొండూ ఇంకా బియ్యం డబ్బాలోనే ఉన్నాయి.
వాటి కోసం పెట్టెలో ఒక ఫోల్డరు తెరిచాను,
ఏడాది పేరు పెట్టి, ఖాళీగా.
దాన్ని కూడా
రెండుసార్లు రాసుకుంది పెట్టె.