రెక్కలొద్దు

రెక్కలొద్దు, లెగ్గు వెయ్యి,
రెక్కలొద్దు, స్కిన్ తీసెయ్యి,
పొద్దున్నించీ పటమట కొట్లో ఇదే మాట.
సాయంత్రానికి చింతమొద్దు పక్కన
బకెట్టు నిండా మిగిలేవి అవే.
ఎప్పుడూ ఎగరని కోళ్ళవి.

బాజీ వాటిని కవర్లో కట్టుకొస్తాడు.
పదకొండేళ్ళుగా కోడి కోస్తున్నాడు,
పదకొండేళ్ళుగా ముక్క ముట్టడు.
మాకు కూర, ఆయనకి పప్పుచారు.
నిమ్మచెక్క పెట్టి రుద్దుతాడు, సర్ఫు పెట్టి రుద్దుతాడు,
అయినా రాత్రి పడుకునేటప్పుడు
కుడిచెయ్యి మంచం అవతలికి
వేలాడేసుకుని పడుకుంటాడు,
నా ముక్కుకి దూరంగా.

బందరు రోడ్డులో బేకరీ మూసేస్తూ
సామానంతా తూకానికి అమ్ముతుంటే
ఓవెనొకటి తెచ్చుకున్నాను, రెండువేల రెండొందలకి.
తలుపు సరిగ్గా పడదు. ఇటుక ఆనించాలి.
రాణిగారితోటలో, రేకుల వంటింట్లో, మే నెల్లో!
సుగుణమ్మ పిన్ని గోడ మీంచి తొంగిచూసి
"బెజవాడలో ఇదెందుకే తల్లీ,
పళ్ళెం డాబా మీద పెట్టు,
జోహరు నమాజుకల్లా వేగిపోతాయి" అంది.
నవ్వాను గాని
జాకెట్టు అప్పటికే వీపుకంటుకుపోయింది.

కత్తెత్తి ఒక్కటిచ్చాను. ఎముక చిట్లి
సూది ముక్క వేల్లో దిగింది.
వెనకనించి బాజీ వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.
"కొట్టకు, వెతుకు.
ఎముక్కీ ఎముక్కీ మధ్య మెత్తటి చోటుంటుంది.
కత్తి అక్కడ ఆనిస్తే
అదే దారిస్తుంది."
పెళ్ళైన ఇన్నేళ్ళలో
ఆయన నోట అంత పొడుగు మాట వినడం అదే.

తడి లేకుండా పాత పంచెగుడ్డతో అద్దాను,
ఒక్కోదాన్నీ, పసిపిల్లకి నీళ్ళుపోసి తుడిచినట్టు.
ఉప్పు, మిరియం, చిటికెడు బేకింగ్ పౌడరు.
అవి లోపల చిటపటమంటుంటే
బయట పాకం మొదలుపెట్టాను.
నల్లబెల్లం, చింతపండు రసం,
నానేసి నూరిన గుంటూరు మిరపకాయలు,
వెల్లుల్లి, రిజ్వానా తెచ్చిన సోయా సాసు.
అరిసెలకైతే ఉండపాకం రావాలి,
దీనికంత పంతం అక్కర్లేదు.
గరిటె ఎత్తితే
చుక్క పడాలా వద్దా అని ఆలోచించాలి, అంతే.

ఇరవయ్యో నిమిషంలో కరెంటు పోయింది.

చీకట్లో ముగ్గురం నేలమీద కూలబడ్డాం.
రిజ్వానా పరీక్ష అట్టతో విసురుతోంది.
తలుపు తీసి చూద్దామా అన్నాను.
"ఇటుక కదపకు," అన్నాడు, "వేడి ఎక్కడికీ పోదు."
వాసన మాత్రం పోయింది, గోడ దాటి.
"ఏమే, నా వాటా!" అని పిన్ని గొంతు.

కరెంటొచ్చాక పూత పూశాను,
మళ్ళీ లోపలికి, మళ్ళీ పూత.
మూడోసారికి వచ్చింది రంగు,
చింతపండుతో తోమి ఎండలో బోర్లించిన
ఇత్తడి చెంబులా.

తింటుంటే వేలికి వేలు అతుక్కుపోతోంది.
రిజ్వానా ఫోను మోగి మోగి ఆగింది,
మోచేత్తో నొక్కబోయి మానేసింది.
పెదాలు మండి, ముక్కు కారి,
ఎముకల గుట్ట పెరుగుతోంది.
పిన్ని గిన్నె గోడ మీంచి ఖాళీగా వచ్చి
మళ్ళీ వెళ్ళింది.
బాజీకి పప్పుచారు వడ్డించాను.

గిన్నెలు నేను తోముతానన్నాడు.
ట్రే అంచున పాకం గట్టిపడి మాడింది.
గోటితో గీరాడు. చూశాడు.
ఎవరూ చూడట్లేదనుకుని
వేలు నోట్లో పెట్టుకున్నాడు.
ఇంకోసారి గీరాడు.
"వెల్లుల్లి కాస్త ఎక్కువైంది,"
అన్నాడు పంపుకేసి తిరిగి.

ఆ రాత్రి రేకులు ఇంకా సెగలు కక్కుతున్నాయి.
కుడిచెయ్యి మంచం అవతలికి పోలేదు.
నా భుజమ్మీద పడింది,
ఎంత కడిగినా
కొంచెం జిగురుగానే ఉంది.