పదిహేను నిమిషాల గడి

బొబ్బిలి గ్రోత్ సెంటర్లో
మా ఫ్యాక్టరీ గోడ దాటితే జీడిమామిడి తోట,
దాటకపోతే వెన్న వాసన.
అది వెన్న కాదు, సీసాలో వచ్చే వాసన.
ఏడేళ్లుగా నా చొక్కాలు మాత్రం వెన్నేనని నమ్ముతున్నాయి.

బిస్కట్లు చెయ్యడం నా పని కాదు.
ఏ బిస్కట్టు ఏ గంటకి పుట్టాలో రాస్తాను.
విశాఖ డిపోకి శనివారం సరుకు చేరాలంటే
శుక్రవారం రాత్రి లోడింగు,
మధ్యాహ్నం ప్యాకింగు, పొద్దున్న పొయ్యి,
దానికి ముందు పిండి, పిండికి ముందు లారీ...
అందరూ రేపటి వైపు నడుస్తుంటే
నేను రేపట్నుంచి వెనక్కి నడిచొస్తాను.
పెళ్లిరోజు గుర్తుందా అని మా ఆవిడ అడిగింది.
గుర్తుంది. దాని ముందురోజు స్టాకు లెక్క.

తెల్లవి ముందు, నల్లవి వెనక.
పాల బిస్కట్టు, కొబ్బరి, జీలకర్ర,
ఆఖర్న చాక్లెట్.
నలుపు తరవాత తెలుపు నడవాలంటే
లైనంతా రెండు గంటలు కడగాలి.
ఈ సూత్రం ఎవరు పెట్టారో తెలీదు గానీ
మా తాతల నాటి బంతిభోజనాల్లో కూడా ఇదే వరస.
కడిగేది అప్పుడూ వేరేవాళ్లే.

ఈ నెల కొత్త సరుకు, తవుడు బిస్కట్టు.
పెద్ద పట్నాల్లో షుగరున్నవాళ్లు తింటారట.
ప్యాకింగులో గులివిందల తవిటమ్మ
రేపరు అటూ ఇటూ తిప్పి నవ్వింది:
"ఓలమ్మో, నా పేరెట్టీసినారేటి బాబూ దీనికి?
నాకు ముందు ముగ్గురు పోనారంట.
నానైనా దక్కుతానని మాయమ్మ
మంత్రసానికి నన్నిచ్చీసి
సేటెడు తవుడు పోసి మల్లీ కొనుక్కుందంట."

చేటెడు తవుడు.
ఇప్పుడు రెండొందల గ్రాములు అరవై రూపాయలు.

నా షీట్లో ఆమెకి పేరు లేదు.
రెండో లైను, ప్యాకింగు, తలలు: పద్నాలుగు.
వాన పడితే ఆ పద్నాలుగు తొమ్మిదవుతాయి.
ఊడుపులకి కంప్యూటర్లో గడి లేదు.
సిరిమాను మంగళవారానికీ లేదు.
పెన్సిలుతో పక్కన రాసుకుంటాను,
పైవాళ్లొస్తే చెరిపేస్తాను.

ఇవాళ తెల్లారగట్ల సాలూరు ఘాట్లో
బొగ్గు లారీ అడ్డం పడింది.
దాని వెనక ఎక్కడో నా మైదా.
"కదల్లేదు సార్, ఇక్కడ టీకొట్టు కూడా లేదు" అన్నాడు డ్రైవరు.
రెండో లైను ఆగింది.
పొయ్యి ఆర్పలేదు. ఆర్పితే వేడెక్కడానికి మళ్లీ ఓ పూట.
ఏమీ లేని బెల్టు
ఏమీ లేనిదాన్నే కాలుస్తూ తిరిగింది.
విశాఖ నుంచి మేనేజరు, "ఎప్పుడు స్టార్టు? ఒక టైం చెప్పు."
ఒకటి చెప్పాను. ఇంకోటి చెప్పాను.
మూడోదీ నమ్మాడు.

రెండో షిఫ్టు వాళ్లు అట్టపెట్టెలకి ఆనుకుని కూర్చున్నారు.
ఒకామె ఫోన్లో కూతురికి తీసివేతలు చెబుతోంది,
అప్పు తెచ్చుకో, అప్పు తెచ్చుకో అని.
తవిటమ్మ నిద్రపోయింది,
అరచేతులు పైకి పెట్టి,
వేళ్లు ఇంకా వరసన ఆరేసి బిస్కట్లు పట్టుకున్నట్టే వంచి.
నాలుగింటికి లేచి నారు తీసి వచ్చిందని పక్కామె చెప్పింది,
నేనడక్కుండానే.

ఆగిన ప్రతి నిమిషానికీ కారణం రాయాలి.
కోడ్ మూడు కరెంటు. ఐదు మరమ్మతు.
ఏడు సరుకు రాలేదు.
నిద్రకి కోడ్ లేదు.

గేటు దగ్గర లారీ హారన్ కొట్టింది. నాలుగూ పది.
నా షీట్లో అన్నిటికన్నా చిన్న గడి పదిహేను నిమిషాలు.
నాలుగూ ఇరవై ఐదు అని రాశాను. కోడ్ ఏడు.
కాగితాలన్నీ ఇంకోసారి చూడమని
వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను.

నాలుగూ ఇరవైకే
ఆమె తనంతట తనే లేచి టోపీ సర్దుకుంది:
"ఏటి బాబూ, పిండొచ్చీసినాదా?
హారనినబడ్డాది."